జుంబెరి నలభై ఎనిమిది రోజులు

మా కుతాయిసి ఊళ్లో జుంబెరిని ఎరగనివాళ్లు తక్కువ. ఇరవై ఆరేళ్లుగా రాజధాని త్బిలిసికి జనాన్ని చేరవేస్తూ వ్యాను నడుపుతున్నాడు. మనిషి పీపాలా ఉంటాడు, మీసం చీపురుకట్టలా ఉంటుంది. మాంసం లేని పూటను అతను భోజనం కింద లెక్కపెట్టేవాడు కాదు. చీజ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున్నే మా రెండిళ్ల మధ్య కంచె అవతల నిలబడి పిడికెడంత ముక్క నోట్లో వేసుకుని, నాతో మాట్లాడుతూనే ఇంకో ముక్క కోసుకునేవాడు.

అతని భార్య నానులి మాత్రం ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసాన్ని ఏటా తప్పకుండా పాటిస్తుంది. ఏడు వారాలు మాంసం, పాలు, వెన్న, గుడ్డు ఏదీ ముట్టదు. ఆ రోజుల్లో తనకోసం రాజ్మా గింజలు ఒక పొయ్యి మీద, మొగుడికోసం మాంసం ఇంకో పొయ్యి మీద వండేది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

కిందటేడు ఉపవాసం రేపు మొదలవుతుందనగా ఆదివారం నాడు, మంచు పేరుకున్న మెట్ల మీద జారి నానులి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు ఆరు వారాలకు కట్టు కట్టాడు. ఆస్పత్రి నుంచి వస్తూ దారిలోనే జుంబెరి అనేశాడట:

"ఈసారి నువ్వు కుర్చీలో కూచో. వంట నేను చేస్తా. రెండు వంటలు నా వల్ల కాదు గానీ, నువ్వు తినేదే నేనూ తింటా."

"ఎన్నాళ్లు?" అంది నానులి.

"ఎన్నాళ్లేంటే, నువ్వు ఉపవాసమున్నన్నాళ్లూ."

"ముందు బుధవారం దాకా ఉండు చూద్దాం."

ఈ మాట నానులి తమ్ముడు గొచా చెవిన పడింది. గొచాకి బజారులో మాంసం కొట్టు. ఆ సాయంత్రమే వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వు మొదలెట్టాడు.

"బావా, నువ్వు మానేస్తే నా కొట్టు మూసుకోవాల్సిందే. నా పిల్లల నోట్లో మట్టి కొడతావా?"

"నీ పిల్లలు నీకంటే లావున్నార్రా. కొన్నాళ్లు తగ్గనీ."

మొదటి రోజు వంట వాసన మా ఇంటిదాకా వచ్చింది, మాడు వాసన. రాజ్మా గింజలు నానబెట్టాలని అతనికి తెలియదు. మూడు గంటలు ఉడికినా అవి గులకరాళ్లలాగే ఉన్నాయి, అడుగు మాత్రం బొగ్గయింది. నానులి కుర్చీలో కూచుని ఎడం చేత్తో కర్ర పట్టుకుని చూపిస్తూ ఉంటే జుంబెరి చెమటలు కక్కుతూ పరుగులు తీశాడు.

"ఉల్లిపాయ ముందా, కొత్తిమీర ముందా?"

"ముప్పై ఏళ్లు తిన్నావు కదయ్యా, ఒక్కసారైనా కుండలోకి తొంగి చూడలేదా?"

"కుండలో ఏముందో నాకెందుకే, పళ్లెంలో ఏముందో చూసుకున్నా గానీ!"

వారం తిరిగేసరికి గింజలు మెత్తబడ్డాయి. అక్రోటు పప్పు మరలో తిప్పి, వెల్లుల్లి వేసి, ఉడికిన పాలకూరలో కలిపి ఉండలు చెయ్యడం నేర్చుకున్నాడు. మొక్కజొన్న రొట్టె కూడా విరగకుండా వచ్చింది. కానీ మనిషి చిరచిరలాడేవాడు. వ్యానులో పాట పెట్టేవాడు కాదని ప్రయాణికులు చెప్పుకున్నారు.

అసలు చిక్కు రికోతి కనుమలో వచ్చింది. త్బిలిసి దారిలో అక్కడ లామారా అనే ఆవిడ హోటలు దగ్గర ఏళ్ల తరబడి వ్యాను ఆపుతున్నాడు. జనాన్ని తెచ్చే డ్రైవరుకి అక్కడ తిండి ఊరికే పెడతారు. చువ్వలకు గుచ్చి కాల్చే పంది మాంసం పొగ నేరుగా డ్రైవరు కిటికీలోకే వచ్చేది. పది రోజులు ఉప్పు వేసిన పొద్దుతిరుగుడు గింజలు నములుతూ స్టీరింగు ముందే కూచున్నాడు. పదకొండో రోజున లామారా జాలిపడి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన చీజ్ రొట్టె కాగితంలో చుట్టి కిటికీలోంచి అందించింది.

"అన్నా, ఇందులో మాంసం లేదులే."

జుంబెరి వ్యాను వెనక్కి వెళ్లి, నిలబడే, మొత్తం రొట్టె తినేశాడు. తిన్నంతసేపు స్వర్గంలో ఉన్నాడట.

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా నానులి ముందు నిలబడ్డాడు. "తినేశానే" అన్నాడు.

"ఏం తిన్నావు?"

"చీజ్ రొట్టె. మొత్తం. అంచులతో సహా."

నానులి తిడుతుందనుకున్నాడు. ఆమె నవ్వి నవ్వి కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని "అబ్బా, నొప్పి" అంది. "పెళ్లయిన ఏడాది నా మొదటి ఉపవాసంలో నేను మీ అమ్మ వెన్నకుండలో గరిటె పెట్టి తిన్నాను. ఆవిడ చూసింది. ఏమందో తెలుసా? 'మూతి తుడుచుకో పిల్లా, రేపణ్ణించి లెక్కపెట్టుకో' అంది. నువ్వూ మీసం తుడుచుకో."

అమ్మ ఆ సంగతి పోయేదాకా ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి కూడా. జుంబెరి మీసం తుడుచుకుని మర్నాటికి గింజలు నానబోశాడు. ఆ పైన మళ్లీ తప్పలేదు.

అయిదో వారంలో గొచాకి మనవరాలు పుట్టింది. విందు పెట్టాడు. మా విందుల్లో మంచిమాటలు చెబుతూ గ్లాసులెత్తించే పెద్ద ఒకడుండాలి. గొచా ఇంట ఆ పెద్దరికం ఎప్పుడూ జుంబెరిదే. మాంసం కొట్టువాడి ఇంటి బల్ల ఎలా ఉంటుందో చెప్పాలా! జుంబెరి మాత్రం పొద్దున్నే లేచి తన చేత్తో చేసిన పాలకూర ఉండలు, బీటు దుంప ఉండలు, మట్టి మూకుడులో వేయించిన పుట్టగొడుగులు తెచ్చి బల్ల చివర పెట్టుకున్నాడు.

"బావా, ఆ గడ్డి ఎవరికి?" అన్నాడు గొచా.

"నాకు, మీ అక్కకి. నువ్వు తొందరపడకు."

ముందు గొచా అత్తగారు వచ్చి ఒక ఉండ తీసుకుంది. ఆవిడా ఉపవాసమేనట, అల్లుడు వెక్కిరిస్తాడని చెప్పలేదు. వెనకే గొచా వదినలిద్దరు. ఆఖరికి బాలెంతరాలి మొగుడు కూడా. అరగంటలో మూకుడు అడుగు కనిపించింది. గొచా వచ్చి చూసేసరికి ఒక్క పుట్టగొడుగు మిగిలింది. అది నోట్లో వేసుకుని కాసేపు నమిలి, "ఇది నువ్వు చేసింది కాదు, అక్క చేసింది" అన్నాడు. నానులి కట్టున్న చెయ్యి గాల్లోకి ఎత్తి చూపించింది. బల్లంతా ఘొల్లున నవ్వింది.

ఆరో వారం చివర కట్టు విప్పారు. నానులి వంటింట్లోకి రాబోతే జుంబెరి దారికడ్డంగా నిలబడ్డాడు. "డాక్టరు బరువెత్తొద్దన్నాడు" అన్నాడు. అక్రోటు మరని ఆమె చేతికి ఇవ్వనే లేదు.

ఈస్టర్ తెల్లవారింది. గుడి నుంచి వచ్చి, పండక్కి ఎర్రరంగు వేసిన గుడ్డు పగలగొట్టి, చీజ్ ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ ముక్కతో ఆగితే బాగుండేది. మధ్యాహ్నానికి గొచా ఇంట్లో కాల్చిన పందిపిల్లలో సగం లాగించాడు. సాయంత్రానికి కడుపు పట్టుకుని మంచం ఎక్కాడు. రెండు రోజులు ఎండు రొట్టె, పాలు లేని టీ.

"యాభై రోజులు నిలబడ్డావు, ఒక్క పూట ఆగలేకపోయావా?" అని నేను కంచె మీంచి అడిగాను.

"నలభై ఎనిమిది" అన్నాడు మూలుగుతూ. "అందులో ఒకటి తీసెయ్. చీజ్ రొట్టె నాడు."

కోలుకున్నాక మాంసానికీ చీజ్‌కీ మామూలుగానే తిరిగివచ్చాడు. అయితే కనుమలో ఆగినప్పుడు లామారా వడ్డించిన గింజల కూర రుచి చూసి ముఖం చిట్లించాడట.

"ఏమ్మా, రాత్రే నానబెట్టావా?"

"లేదన్నా, పొద్దున్నే వేశా."

"అదీ సంగతి" అంటూ చొక్కా చేతులు మడిచి తిన్నగా ఆమె వంటింట్లోకి నడిచాడు. పదహారుమంది ప్రయాణికులు బయట వ్యానులో హారన్ కొడుతూ కూచున్నారు.