గరాటు ఎంత ఎత్తున పట్టాలి

పొలం మేమే చేసుకునే రోజుల్లో ఇంట్లో మూడు గరాట్లుండేవి. ఇత్తడిది నూనెకు, రేకుది కిరసనాయిలుకు, పచ్చ ప్లాస్టిక్‌ది పురుగుమందుకు. ఈ మూడోదాన్ని నా భార్య గడప దాటనిచ్చేది కాదు. పశువుల కొట్టంలో దూలానికి వేలాడదీసి, గుర్తుకు ఎర్రగుడ్డ పీలిక కట్టింది. తరవాత గ్యాసు వచ్చి రేకు గరాటు మూలపడింది. పొలం కౌలుకిచ్చి నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్నాక ఇత్తడిదొక్కటే మాతో వచ్చింది.

గానుగ నుంచి తెచ్చిన వేరుశనగ నూనెను ఆమె సీసాల్లోకి పోస్తుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. గరాటును సీసా మూతికి బిగించేది కాదు. ఎడమచేత్తో కాస్త ఎత్తి పట్టుకుని, కొద్దికొద్దిగా పోసేది. ఒకసారి నేను పోయబోయి నిండా వంపితే, లోపలి గాలికి దారిలేక నూనె బుడగలెత్తి వంటగట్టు మీద పారింది.

"అంత తొందరైతే ఎట్టయ్యా? దిగేదాకా చూసి పొయ్యాలి. లేకపోతే ఎగదన్నుద్ది" అంది, గుడ్డతో తుడుస్తూ. "కాలవల డిపార్ట్‌మెంటులో అన్నేళ్లు ఏంది నువ్వు చేసింది?"

నేను చేసింది సాగర్ కుడికాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ఏ తూము దగ్గర నీరు ఎంత ఎత్తున ఉందో రోజూ చూసి రాయడం నా పని. ఆ అలవాటుతోనే ఇంట్లో డైరీ కూడా రాస్తూ వచ్చాను. ఇప్పటికీ రాస్తున్నాను.

ఈ ఏడు కోటప్పకొండ తిరునాళ్లు అయిపోయిన వారానికి ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా అయింది. అన్నిటికన్నా కష్టం, మింగడం పోయింది. మంచినీళ్లు పట్టినా పొలమారి ఊపిరితిత్తుల వైపు వెళుతున్నాయని డాక్టరు ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేయించాడు. ఇంటికి పంపే రోజున నర్సమ్మ పెద్ద సిరంజి ఒకటి తెచ్చి, లోపలి కడ్డీ లాగి పక్కన పెట్టింది.

"ఇంకిది గరాటే తాతా. గొట్టానికి తగిలించి జావ పొయ్యి. ఎత్తితే తొందరగా దిగుద్ది, దించితే నిదానంగా దిగుద్ది. పడుకోబెట్టి మాత్రం పొయ్యమాక."

ఎత్తు సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదనుకున్నాను. మంచం తలవైపు గోడమీద పెన్సిలుతో అడ్డగీత గీశాను. సిరంజి ఆ గీతకు పట్టుకుంటే గిన్నెడు జావ చకచకా దిగిపోయేది. రాగిజావ, పప్పుకట్టు, పాలు, అన్నీ పలచటి గుడ్డలో వడగట్టి పోసేవాణ్ణి. వేళ తప్పనిచ్చేవాణ్ణి కాదు.

పోసినంతసేపూ ఆమె గోడవైపు తిరిగి ఉండేది. పోయడం అయ్యాక చాలాసేపు ఎక్కిళ్లు పట్టేవి, కళ్లలో నీళ్లు వచ్చేవి. గొట్టం ఒరుసుకుపోయి బాధ పెడుతోందనుకున్నాను. ఏమిటని అడిగితే జవాబు చెప్పేది కాదు. వీధి చివరిదాకా వినిపించే గొంతు ఆమెది. ఇప్పుడు ఆ ముద్దమాట తనకే నచ్చక మాట్లాడటమే మానేసింది. మింగడం తిరిగి రాకపోతే పొట్టకు రంధ్రం చేసి శాశ్వతంగా గొట్టం పెట్టాల్సి వస్తుందని డాక్టరు ఆమె ఎదుటే చెప్పాడు. అది విన్నప్పటినుంచి ఇల్లంతా ఒక బెంగ పట్టుకుంది. ఇక ఆమె నోటితో ఒక్క ముద్దైనా తింటుందా అన్నదే రోజంతా నా ఆలోచన.

నాదెండ్ల నుంచి ఆమె చెల్లెలు సాయానికి వచ్చింది. మొదటిరోజు మధ్యాహ్నం నేను జావ పోస్తుంటే మంచం కోడు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఏంది బావా ఇది, గొడ్డుకి మందు పోసినట్టు పోస్తన్నావు మా అక్కకి."

"డాక్టరు చెప్పినట్టే పోస్తున్నానమ్మా."

"నాలిక మీద చుక్కైనా ఎయ్యకుండానా? రుచీ పచీ లేకుండా మనిషి ఎట్టా బతుకుద్ది?"

"గొంతులోకి జారితే ప్రాణానికే ముప్పు. నోట్లో ఏమీ పెట్టొద్దు."

ఆమె మంచం కోడు వదిలి వంటింట్లోకి వెళ్లింది. గొడ్డుకి మందన్న మాట మాత్రం నన్ను పట్టుకుంది. మా నాన్న ఎద్దుకు మందు పోయడం చూసినవాణ్ణి నేను. వెదురుగొట్టం చివర ఏటవాలుగా కోసి, ఎద్దు మూతి ఎత్తిపట్టి, దవడ పక్కనుంచి కషాయం వంపేవాడు. అది దగ్గిందంటే చాలు, గొట్టం లాగేసి తల వదిలేసేవాడు. ఎంత మందు నేలపాలైనా మళ్లీ తల ఎత్తనిచ్చేవాడు కాదు. తల పైకుంటే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆయన భయం. ఎద్దు అలిగినట్టు పక్కకు చూసేది. నా భార్య గోడవైపు చూడటం నాకు అలాగే తోచింది.

మర్నాడు మందులకని బజారుకు వెళ్లి వచ్చేసరికి వీధి గుమ్మంలోనే దగ్గు వినిపించింది. పరుగులాంటి నడకతో లోపలికి వెళ్లాను. మంచం పక్కన స్టూలు మీద మజ్జిగ గ్లాసు, చెంచా. ఆమె ముఖం కందిపోయింది. చెల్లెలు ఏం చేయాలో తెలియక, మామూలుగా పొలమారిన వాళ్లకు చేసినట్టే అక్క నడినెత్తిన తడుతోంది.

"ఏం లేదే అక్కా, ఎవరో తలుచుకుంటన్నారు. ఏం లేదే" అంటోంది.

నేను మరదలి చేయి తీసేసి, నా భార్య భుజాలు పట్టి ముందుకు వంచాను. తల బాగా కిందికి వచ్చేటట్టు నా మోకాలికి ఆనించాను. దగ్గి దగ్గి మజ్జిగ, ఉమ్మి నా పంచె మీద పడ్డాయి. కాసేపటికి ఊపిరి దారికి వచ్చింది.

"చంపేస్తావా ఏంది?" అన్నాను మరదలితో. ఆ గొంతు నాదిలా లేదు.

"అక్కే అడిగింది బావా. గ్లాసు చూపించి నోరు తెరిచింది. నేనెట్టా కాదనేది?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా భార్య కళ్లు మూసుకుని ఉంది. అడిగింది తానేనని చెప్పడానికేమో, ఎడమచేయి ఒకసారి ఎత్తి దించింది.

ఆ సాయంత్రం, మర్నాడు, ఆ తరవాతి రోజు మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందేమోనని మాకు జ్వరం భయమే. ఒళ్లు పట్టుకుని చూడటం, థర్మామీటరు పెట్టడం, ఊపిరిలో గురక ఉందేమోనని చెవి ఒగ్గడం. మరదలు వంటింట్లోనే తిరిగింది. మజ్జిగ గ్లాసును తోమి బోర్లించి, మళ్లీ ముట్టుకోలేదు. నా భార్య ఎదురుగా నేనూ ఏమీ తినలేకపోయాను. డాక్టరు ఛాతీ పరీక్షించి ఈసారికి గండం తప్పిందన్నాడు. సోమవారం మింగే పరీక్ష చేస్తానని, అప్పటిదాకా నోట్లో నీటిచుక్క కూడా వేయొద్దని గట్టిగా చెప్పి పంపాడు.

ఇంటికి వచ్చి, తలవైపు దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, జావ కలిపాను. సిరంజి గొట్టానికి తగిలించి గీత దగ్గరికి ఎత్తబోతుంటే ఆమె ఎడమచేయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కిందికి లాగింది. సిరంజిని నా వేళ్లలోంచి తను తీసుకుని, నుదుటి ఎత్తున పట్టుకుంది. నా పెన్సిలు గీతకు మూరెడు కింద.

"అంత కిందైతే దిగదు" అన్నాను.

ఆమె పెదవి ఒకపక్కకు లాగింది. మాట కూడదీసుకోవడానికి చాలా సేపు పట్టింది.

"పొయ్యి" అంది. "మెల్లగా. ఎగదన్నుద్ది… లోపల."

ఎక్కిళ్లెందుకు వస్తున్నాయో అప్పుడు తెలిసింది. కొద్దిగా పోశాను. సిరంజిలో జావ కదిలిందా లేదా అన్నంత నిదానంగా దిగింది. ఆమె దానివైపే చూస్తోంది, గోడవైపు కాదు. దిగాక కనుసైగ చేసింది. మళ్లీ పోశాను. గిన్నె అయ్యేసరికి మరదలు పొయ్యిమీద పెట్టిన కూర అడుగంటింది.

"ఇంతసేపా బావా?" అంది మరదలు గుమ్మంలోంచి.

"ఆమెనడుగు" అన్నాను.

సోమవారం పరీక్షలో ఏం తేలుతుందో తెలియదు. జావ పోస్తుండగా మధ్యలో ఒకసారి ఆమె చేయి అలిసి సిరంజి వాలిపోతే కింద నా అరచేయి పెట్టాను. చేయి పెట్టనిచ్చింది గాని, సిరంజి వదల్లేదు. పూటకు గంట పడుతోంది. పట్టేది ఆమె, పోసేది నేను.