పూలదండ కింద నలభై ఒక్క పేర్లు

దోబ్రినా కంబూరోవాకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ముప్పై ఏళ్ల కిందట ఆమె నా విద్యార్థిని; నేను పాఠంలో ఒక వ్యాకరణ సూత్రం తప్పు చెబితే, ఆ తగ్గిన గొంతుతోనే నన్ను నిలదీసింది. తప్పు నాదే, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడామె మా పురపాలక కార్యాలయంలో కంప్యూటర్ల పని చూస్తుంది.

మా కొండ ఊళ్లకు చలికాలపు కట్టెల జాబితా మే నెలలోనే ముగుస్తుంది. అందులో పేరు లేని ఇంటికి అడవి నుంచి పుల్ల కూడా రాదు. ఆ ఏడు గడువు, మా లిపిని ఇచ్చినవాళ్లను తలుచుకునే అక్షరాల పండుగకు ముందురోజు సాయంత్రం అయిదింటికి. మధ్యాహ్నం గోర్నో వ్రాబ్చే గ్రామ గుమాస్తా పెన్యో తాత టోపీ చేత్తో పట్టుకొని వచ్చాడు.

"అమ్మాయ్, జాబితాలో మా ఊరే లేదు. మేమంతా చచ్చామనుకున్నారా ఏం? చస్తే, ఫొటోతో చావుకబురు కాగితమైనా గోడకు అంటిస్తారు కదా!"

ఊళ్ల ఫైళ్లను కలిపి జాబితా తయారుచేసే ప్రోగ్రాం, ఆ స్క్రిప్టును దోబ్రినా తెరిచింది. రాసింది కొత్త అధికారి యావోర్ స్తమెనోవ్. ఊళ్ల ఫైళ్లన్నీ కొత్త ఎన్‌కోడింగ్‌లోనే, అంటే అక్షరాలకు అంకెలు వేసే కొత్త పట్టికలోనే, ఉంటాయన్న ధీమాతో రాశాడు. పెన్యో తాత కంప్యూటరు ముసలిది. ఒక్కో అక్షరానికి అది వేసే అంకె పాత పట్టికలోది. అర్థంకాని అక్షరం తగిలితే వదిలేయమని ఒక వాక్యం, పేరు ఖాళీగా ఉన్న వరుసను తీసేయమని మరొకటి. నలభై ఒక్క ఇళ్లకు ముందు అక్షరాలు పోయాయి, తరువాత వరుసలే పోయాయి. ఒక్క హెచ్చరికా లేదు.

ఆమె పాత పట్టిక పేరు చెప్పి ఫైలును మళ్లీ చదివించింది. పేర్లన్నీ నిండుగా వచ్చాయి. ఇక యావోర్ సంతకం కావాలి. అతడేమో పాఠశాల గుమ్మం మీది అక్షరాలకు పియోనీ పూలదండ కడుతున్నాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నేనే. మా ఊళ్లో పింఛను ఉపాధ్యాయులకు మిగిలిన ఉద్యోగమది. అక్షరాలకు పూలు మోసే ఆ పండుగ ఉదయం నాకింకా కళ్లు చెమరుస్తాయి.

"దిగు," అంది దోబ్రినా.

"దండ వంకరగా ఉందా అత్తా?"

"నీ స్క్రిప్టు వంకరగా ఉంది. గోర్నో వ్రాబ్చే మొత్తం ఎగిరిపోయింది."

"ఒక్క ఊరేగా! మేయరు గారు సంతకం కూడా పెట్టేశారు. పండగయ్యాక చూద్దాం. అయినా ఆ తాతను కొత్త కంప్యూటర్ కొనుక్కోమను."

"తాత రాసింది సరిగ్గానే ఉంది. చదవడం రానిది నీకు. రాకపోతే ఆగి అడగాలి. పారేస్తావా?"

"ఎర్రరొచ్చి ఆగిపోతే అందరూ తిట్టేది నన్నే కదా!"

ఆమె కాగితం విప్పింది. "కాల్యో గెరోవ్. భార్య మంచంలో ఉంది. వాసిల్కా దోన్చెవా. ఎనభై ఆరేళ్లు, ఒక్కతే..." ఆ గొంతు వినడానికి ఆవరణలో పండుగ వేదిక కడుతున్నవాళ్ల సుత్తుల చప్పుడు ఆగిపోయింది. పైనున్నవాడు దండ ముడి వేస్తూనే ఉన్నాడు. పదకొండో పేరు దగ్గర నేను నిచ్చెన వదిలేశాను.

"మాస్టారూ, పడిపోతాను!"

"దిగితే పడవు," అన్నాను.

దిగాడు. మెట్టు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. అప్పటికి నాలుగున్నర. సరిదిద్దిన జాబితా మీద మళ్లీ సంతకానికి మేయరు దగ్గరికి ఆమే పరుగెత్తింది. అయిదు కాకముందే నలభై ఒక్క పేర్లూ జాబితాకెక్కాయి.

మరునాడు ఊరేగింపులో యావోర్ ముందు వరుసలో పూలు పట్టుకొని నడిచాడు. దోబ్రినా రాలేదు. నేను కార్యాలయం కిటికీలోంచి తొంగి చూస్తే, అతడు చేసిన తక్కిన జాబితాలన్నీ ఒక్కొక్కటిగా తెరుస్తోంది.

"పండగపూట కూడానా, దోబ్రినా?"

"ఇంకెన్ని ఊళ్లు మింగాడో తేలనివ్వండి మాస్టారూ," అంది తల తిప్పకుండా. గొంతు ఇంకా తగ్గే ఉంది.