బలద్‌లో గది తీసుకునే ముందు మెట్లు ఎన్నో అడగండి

ఈ సంగతి ఇప్పుడే రాయాలి. సెలవులు దగ్గరపడుతున్నాయి. జెద్దా పాత పట్నం బలద్‌లో గది వెతుకుతున్న ముగ్గురు స్నేహితురాళ్లు ఈ వారంలో నాకు ఒకే గది ఫోటో పంపి, "ఇది తీసుకోవచ్చా?" అని అడిగారు. చెక్క జాలీల కిటికీ, ఎత్తైన కప్పు, కింద సన్నటి సందు. రెండు వారాల క్రితం నేను బుక్ చేసింది ఆ గదినే. అందులో ఒక్క గంట కూడా ఉండలేదు.

నేను రాబిగ్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. నాన్న ఇదే ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా ఒక సౌదీ ఇంటికి డ్రైవరు. కడప దగ్గరి మా ఊరి నుంచి అమ్మ విజిట్ వీసాపై వచ్చి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో ఆమె చూసిందంతా కారు అద్దంలోంచే. "మీ నాయనతో ఒక్క వీధన్నా నిమ్మళంగా నడవాలమ్మీ. ఈ పంతొమ్మిదేండ్లూ ఆయప్ప వచ్చేది ఒక నెల, పోయేది రెండేండ్లు" అంది. నాన్న కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా సెలవిచ్చాడు. అమ్మకు మోకాళ్ల నొప్పి. పది నిమిషాలు నడిస్తే కాసేపు కూర్చోవాలి. అందుకే గది పాత పట్నం లోపలే ఉండాలని నేను పట్టుబట్టాను. సముద్రం పక్క పెద్ద హోటలైతే పార్కింగ్ ఉంటుందని నాన్న వాదన. మా ఇంట్లో బడికి వెళ్లి చదువుకున్న మొదటి మనిషిని నేనే కాబట్టి, ఇలాంటి వాటిలో నా మాటే చెల్లుతుంది. ఎనభై రివ్యూలు చదివి, రాత్రికి 340 రియాళ్లకు ఆ గది తీసుకున్నాను.

రెండింటికి రాబిగ్‌లో బయలుదేరి నాలుగింటికి జెద్దా చేరాం. లోపలి సందుల్లోకి కార్లు పోవు. అంచున పార్కింగ్‌లో బండి పెట్టి ఏడు నిమిషాలు నడవాలి. నాన్న రెండుసార్లు వెనక్కి తిరిగి బండిని చూసుకున్నాడు.

"దాన్నెవురూ ఎత్తుకపోర్లే. నన్ను జూసి నడువు" అంది అమ్మ.

పగడపు రాతితో కట్టిన నాలుగంతస్తుల ఇల్లు అది. మా గది అన్నింటికన్నా పైన. లిఫ్ట్ లేదు. మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు. పదకొండో మెట్టు మీద అమ్మ కూర్చుండిపోయింది. "మీరు పోయి చూసి రాండి, నేనీడే ఉంటా" అని నవ్వింది గానీ, మోకాలు పట్టుకున్న చేతిని తీయలేదు. నాకు ఏడుపొచ్చింది. అన్ని రివ్యూలు చదివి, ఏ అంతస్తు అని మాత్రం అడగలేదు. ఇక పెద్ద హోటలుకు వెళ్తే మళ్లీ కారే, అమ్మకు మళ్లీ అద్దమే.

ఆ ఇంటి మరమ్మతులు చూసే మనిషి బకెట్‌తో దిగుతూ మా మాటలు విని ఆగాడు. "తెలుగోళ్లా? ఏడికెళ్లి వచ్చిన్రు?"

పేరు గంగారాం, ఊరు జగిత్యాల దగ్గర. సంగతంతా విని నాన్నతో అన్నాడు, "రోజూ ఎక్కెటోణ్ని, నాకే పానం పోతది. అక్క ఎట్లెక్కుతదన్నా? బిడ్డా, నువ్వన్న ముందుగాల అడగద్దా?"

"సదువుకున్న పిల్ల గదా, ఫోటోలు జూసింది" అన్నాడు నాన్న.

గంగారాం వీధి గుమ్మం పక్కనే ఉన్న తలుపు తెరిచాడు. పూర్వం ఈ ఇళ్లలో అతిథులను కింది గదిలో కూర్చోబెట్టి, ఇంటివాళ్లు పై అంతస్తుల్లో ఉండేవారట. ఇప్పుడు అందులో నీళ్ల సీసాల పెట్టెలు, మడత కుర్చీలు, సగం రంగు వేసిన గోడ. అద్దెకిచ్చే గది కాదు. అతను మేనేజరుకు ఫోన్ చేసి సగం అరబ్బీలో, సగం ఉర్దూలో చాలాసేపు మాట్లాడాడు.

"అతిథుల గదిల అతిథులుంటమంటే నేనెట్ల వద్దంట అన్నడు. పెట్టెలు మాత్రం మనమే తియ్యాలె" అన్నాడు ఫోన్ పెట్టేసి.

ముగ్గురం కలిసి అరగంటలో ఖాళీ చేశాం. అమ్మ కుర్చీలో కూర్చుని ఎవరు ఏది ఎక్కడ పెట్టాలో చెప్పింది. అద్దె 250కి తగ్గించారు. గోడ వారగా మెత్తలు పరిచాక కూడా నాన్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "కఫీల్ ఇంటికొచ్చేటోళ్లను ఇట్లాంటి గది వాకిలి దాకా తెచ్చి దింపుతా. లోపల కూచ్చునింది ల్యా."

"అయితే ఈ పొద్దు నేనే కఫీల్‌ని. కూచ్చో, కాఫీ తెప్పిస్తా" అంది అమ్మ. గంగారాం నవ్వుతూ వెళ్లి నిజంగానే అరబ్బీ కాఫీ తెచ్చాడు. నాన్న చెప్పులు విప్పి, మెత్త అంచున కూర్చున్నాడు. రెండో కప్పుకు వెనక్కి వాలాడు.

గుమ్మం దాటితే వీధే కావడంతో ఆ సాయంత్రం అమ్మ మూడుసార్లు బయటికి వెళ్లొచ్చింది. ఒకసారి అత్తరు కొట్ల దాకా, ఒకసారి పిల్లులు పడుకున్న అరుగు దాకా, ఒకసారి ఊరికే. నొప్పి పుడితే వచ్చి కాళ్లు చాపుకుంది, తగ్గితే మళ్లీ లేచింది.

శుక్రవారం పొద్దున ఏడింటికి రొట్టెల కొట్టుకు వెళ్లాం. ముగ్గురికీ వేడి తమీజ్ రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ కలిపి పద్నాలుగు రియాళ్లు. "ఇంకా రోంత కాల్చు సామీ" అని అమ్మ తెలుగులోనే చెబితే, పొయ్యి దగ్గరి అఫ్గాన్ పెద్దాయన రొట్టెను మళ్లీ లోపల పెట్టాడు. శుక్రవారం పొద్దున కొట్లు చాలావరకు మూసే ఉంటాయి, సందులు ఖాళీ. కొనేవారికి అది చెడ్డ సమయం, నడిచేవారికి బంగారం. నడుస్తూ, కూర్చుంటూ బాబ్ మక్కా అనే పాత తెల్లటి ద్వారం దాకా చేరాం.

"ఉండు, బండి ఈడికే తెస్తా" అన్నాడు నాన్న.

"బండి మాటెత్తినావంటే చూడు! నడిచే వచ్చినా, నడిచే పోతా."

నేను కావాలనే వెనకబడ్డాను. నాన్నవి పెద్ద అంగలు. ఆ రోజు వాటిని సగానికి కుదించుకుని, తిరుగు దారంతా అమ్మ పక్కనే నడిచాడు.

గది అంటే నిద్రకు, కిటికీ అందానికి అనుకునేదాన్ని. పాత పట్నంలో గది విలువ ఎన్నిసార్లు బయటికి వెళ్లి రాగలమన్న దానిలో ఉందని అమ్మ వల్ల తెలిసింది. మీతో వచ్చేవాళ్లలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని తలుచుకుని గది తీసుకోండి. డబ్బు కట్టకముందే వీధి గుమ్మం నుంచి మంచం దాకా ఒక వీడియో తీసి పంపమనండి. పంపకపోతే ఆ గది వదిలేయండి.

అమ్మ తిరుగు ప్రయాణానికి ఇంకా నాలుగు వారాలున్నాయి. మళ్లీ వెళ్దామంటోంది, ఈసారి రెండు రాత్రులు. మేమున్న గదిని రంగుల పనికి మూసేశారని గంగారాం చెప్పాడు. బలద్ లోపల మెట్లు లేని గది మీకు తెలిస్తే ఈ నెల ఇరవయ్యో తేదీలోపు ఇక్కడ రాయండి. ఇరవై ఒకటిన నాన్న సెలవు అడగబోతున్నాడు. పంతొమ్మిదేళ్లలో తనంతట తాను సెలవు అడగడం ఇదే మొదటిసారి.