వెనక నడిచే గైడు

అంచెట్టి కొండల్లో నంజమ్మకు తెలియని దారి లేదు. ముప్పై ఏళ్లు ఆవుల్ని తోలిన మనిషి! ఏ బండ కింద ఎండాకాలంలో నీళ్లు ఊరతాయో, ఏనుగులు ఏ పూట ఏ వాగు దాటతాయో ఆమెనే అడగాలి. మేత కరువై ఆవుల్ని అమ్మేశాక రెండేళ్లుగా కూలికి పోతోంది గానీ మనసంతా కొండ మీదే. అందుకే అటవీశాఖవాళ్లు కొత్త నడకదారికి ఊరివాళ్లనే గైడులుగా పెట్టుకుంటామనగానే అందరికన్నా ముందు పేరిచ్చింది. ఆ పని దొరికితే మళ్లీ రోజూ కొండెక్కొచ్చు. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు.

గైడు పరీక్ష రోజున కొండ చూడటానికి ఎనిమిది మంది వచ్చారు. అంతా ఆంధ్రా నుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న పడుచువాళ్లు. వాళ్లను కొండ కొమ్ముకు తీసుకెళ్లి క్షేమంగా దించాలి. మార్కులు వేయడానికి ఫారెస్టరు తిలక్ కాగితం పట్టుకుని వెంట ఉన్నాడు.

బయల్దేరమనగానే నంజమ్మ తిన్నగా పోయి వరసకు చివర నిలబడింది.

"ఏమమ్మా, గైడు ఎనక నిలబడితే దావ చూపించేదెవరు? ముందుకు రా!" అన్నాడు తిలక్. అందరూ గొల్లున నవ్వారు.

నవ్వడానికేముంది చెప్పండి! పశువుల్ని తోలేవాళ్లు ఎక్కడైనా ముందు నడుస్తారా? వెనక ఉంటేనే గదా ఏది కుంటుతోందో, ఏది పక్కకు మళ్లిందో తెలిసేది! అయినా పని చెయ్యి జారుతుందేమోనని నంజమ్మ నోరు మూసుకుని ముందుకొచ్చింది. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తుంటే తిలక్ విసుక్కున్నాడు. దాంతో అదీ మానుకుంది.

వాగు దగ్గర ఆగి లెక్కపెడితే ఏడుగురే ఉన్నారు.

"ఇంగొకరు యాడ?"

"పూర్ణిమండీ. ఫోటోలు తీసుకుంటూ వెనకబడింది. వచ్చేస్తుందిలెండి," అన్నాడు గోపీచంద్ అనే కుర్రాడు.

వెనక దారి రెండుగా చీలుతుంది. రెండోది కుంటకు పోతుంది. ఆ వేళకు ఏనుగులు నీళ్లకు దిగేది అక్కడికే.

"అందరూ ఈడే కూచోండి. ఒక్కరు గూడా కదలగూడదు!" అని వెనక్కి పరుగు తీసింది. తిలక్ రొప్పుతూ వెంటపడ్డాడు.

చీలిక దగ్గర దుమ్ములో బూటు ముద్రలు కుంట వైపే ఉన్నాయి. పూర్ణిమ గట్టు మీద నిలబడి తామరపూలకు ఫోను గురిపెట్టింది. అవతల వెదురుపొదల్లో కొమ్మలు విరుగుతున్న చప్పుడు ఆ పిల్ల చెవినే పడలేదు. నంజమ్మ కేక వేయలేదు. చల్లగా వెళ్లి మణికట్టు పట్టుకుని, "మాట్లాడొద్దు తల్లీ, నాతో నడు," అని గుసగుసగా చెప్పి తీసుకొచ్చేసింది. వాళ్లు మలుపు తిరిగారో లేదో వెనక ఏనుగు ఘీంకరించింది. పూర్ణిమ నంజమ్మను కరుచుకుపోయి ఏడ్చేసింది.

వాగు దగ్గరికి చేరాక నంజమ్మ అణుచుకున్న కోపమంతా బయటపడింది.

"ముందు నడవమన్నావు, నడిచినాను. మార్కులు తగ్గించుకుంటావో, సున్నానే ఏసుకుంటావో నీ ఇష్టమప్పా. ఇంగ నేను ఎనకే!"

ఆమె గోపీచంద్‌ను ముందు పెట్టి తాను చివరికి పోయింది. కొమ్ము దాకా, మళ్లీ కిందికీ ఆమె గొంతే దారి చూపింది. "ఎడం పక్కకి తిరుగప్పా!" "ఆ బండ జారతాది, పదిలం!" "నిలబడండి, పూర్ణిమమ్మకి ఆయాసం!" చివరికి ఎనిమిది మందీ క్షేమంగా దిగారు.

కింద ఎదురుచూస్తున్న రేంజరు తిలక్ ఇచ్చిన కాగితం చూసి నొసలు ముడిచాడు.

"మనిషి తప్పిపోయిందని రాసినావు. మళ్లీ పాసంటావేందప్పా?"

"తప్పిపోయింది నా వల్ల సార్. దొరికింది ఈమె వల్ల," అన్నాడు తిలక్ తల వంచుకుని.

రేంజరు నంజమ్మను దగ్గరికి పిలిచాడు. "సోమవారం నుంచి పనికి రామ్మా."

"వస్తాను సార్. అయితే ఎనకే నడుస్తాను. ఒప్పుకుంటేనే వస్తాను."

చూశారా ఆవిడ గుండె! అంతగా కోరుకున్న పని చేతికందబోతుంటే షరతు పెట్టింది! రేంజరు కాగితం మీద సంతకం పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఒప్పుకున్నాను. తక్కిన గైడులకు గూడా నువ్వే నేర్పియ్యాల."

"నేర్పిస్తాను సార్," అంది నంజమ్మ. "ముందు వాళ్లని నా ముందర నడవమనండి."