ఎలుగుబంటి అడుగులు

మా మస్కోగీ తెగలో మగవాడికి రెండు పేర్లు. మొదటిది పుట్టినప్పుడు వచ్చేది, రెండోది యుద్ధం ఇచ్చేది. నలభయ్యో ఏడు దగ్గరపడుతున్నా చోఫికి మొదటి పేరే మిగిలింది. చోఫి అంటే కుందేలు. జుట్టు నెరుస్తున్న మనిషిని, నిన్నగాక మొన్న మీసం మొలిచినవాళ్లు కూడా ఊరి సభాస్థలంలో "ఒరే కుందేలూ" అని పిలిచేవారు. యుద్ధనామం లేనివాడికి అక్కడ కూర్చోడానికి చాప ఉండదు. కట్టెలు మోయాలి, నల్లకషాయం కాచి అందించాలి, పేరున్నవాళ్ల చిలుంకి నిప్పు తేవాలి.

అతను పిరికివాడు కాదు. యుద్ధానికి వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డుపడింది. ఓసారి దారిలో పిట్ట అపశకునం పలికిందని నాయకుడు అందరినీ వెనక్కి తిప్పాడు. ఇంకోసారి శత్రువులు ముందే ఊరు ఖాళీ చేసిపోయారు. తను చెక్కిన అటాసా, కత్తిలా వంపు తిరిగిన ఎర్రరంగు యుద్ధకర్ర, ఒక్క దెబ్బా కొట్టకుండా అక్క ఇంటి దూలానికి వేలాడుతుండేది.

ఆ వేసవిలో పొరుగు తెగ చోక్టావులు మా మనిషిని ఒకణ్ణి చంపారు. ఎచో ఎమాత్లా నాయకుడిగా దళం బయల్దేరింది. అక్క పేలపిండి మూటకట్టి ఇచ్చింది.

"ఈసారైనా పేరు తెచ్చుకోరా తమ్ముడూ. నిన్ను పిలవాలంటే నాకే నోరు రావట్లేదు."

చోఫి సంచిలో పేలపిండి పక్కనే ఎండబెట్టిన ఎలుగుబంటి పాదాలు నాలుగూ పెట్టుకున్నాడు. తల్వా హార్జో అది చూశాడు. చోఫికంటే చాలా చిన్నవాడు, బాగా ఒళ్లున్నవాడు, పేరు వచ్చిననాటి నుంచి నోటికి తాళం లేనివాడు.

"ఏరా, దారిలో కూర వండుకుంటావా?"

"రెండు కాళ్లు చాలకపోతే వాడుకుందామనయ్యా," అన్నాడు చోఫి.

అందరూ ఒకడి అడుగులో ఒకడు అడుగేస్తూ నడిచారు. చివర చోఫి. వంగిన గడ్డిని లేపుతూ, తొక్కిన ఆకుని తిప్పి వేస్తూ వచ్చాడు. అది కూడా పేరులేనివాడి పనే.

తెల్లవారుతుండగా చోక్టావుల ఊరిని దెబ్బతీశారు. చోఫి పరుగెత్తి చేరేసరికే ముందున్నవాళ్లు పని ముగించేశారు. తిరుగుదారిలో వెనకనుంచి పేలిన తుపాకిగుండు హార్జో తొడలో దిగింది. ఏరు దగ్గరికి వచ్చేసరికి అతను నడవలేకపోయాడు. వెనక చోక్టావుల కేకలు దగ్గరవుతున్నాయి.

"మీరు నీళ్లలోనే దిగువకి వెళ్లిపోండి," అన్నాడు చోఫి. "ఈయన్ని నాకు వదిలెయ్యండి."

"నన్ను కుందేలుకి అప్పజెప్తావా నాయకా?" అన్నాడు హార్జో పళ్లు బిగించి.

"నక్కకి అప్పజెప్పట్లేదుగా," అని ఎచో ఎమాత్లా మిగతావాళ్లతో నీళ్లలోకి దిగిపోయాడు.

చోఫి గాయంలో నాచు కుక్కి గట్టిగా కట్టాడు. ఎలుగు పాదాలు తన కాళ్లకీ చేతులకీ బిగించుకున్నాడు. ఒడ్డు మీద నాలుగు కాళ్ల మీదికి వంగాడు.

"ఎక్కండి."

"ఎక్కడికి?"

"వీపు మీదికి. ఒంటిమనిషి వేసే ఎలుగు అడుగు లోతుగా దిగదయ్యా. కళ్లున్నవాడెవడైనా కనిపెట్టేస్తాడు. మీరెక్కితే సరిగ్గా ఎలుగంత బరువవుతాం."

హార్జో ఎక్కాడు. ఒక చేత్తో చోఫి మెడ పట్టుకుని, రెండో చేత్తో నెత్తుటిచుక్క జారకుండా గాయం నొక్కుకున్నాడు. బురదలో గోళ్ల గుర్తులు దిగుతున్నాయి. చోఫి సూటిగా పోలేదు. ఎలుగులాగే పాదాలు లోపలికి తిప్పి వేస్తూ, ఓ పుచ్చిన దుంగ దగ్గర ఆగి చీమలకోసం గీరినట్టు గీరి, రెల్లుపొదల్లోకి దూరాడు. ఊపిరి కొలిమితిత్తిలా కొడుతోంది. పడిపోయిన చెట్టు వెనక ఇద్దరూ ఒదిగారు. యుద్ధానికి బయల్దేరినవాడు చెట్టుకి ఆనుకోకూడదని మా ఆచారం. అందుకని హార్జో చోఫి భుజానికే ఆనుకున్నాడు.

అప్పుడు పొడుగాటి జుట్టు చోక్టావు ఒకడు ఆ అడుగుల వెంట ఒంటరిగా వచ్చాడు. చేతికందేంత దూరంలో మోకాళ్లమీద కూర్చుని, గుర్తులో పిడికిలి పెట్టి లోతు చూశాడు. వీపు ఇటే ఉంది. చోఫి చేతిలో అటాసా పైకి లేచింది. ఒక్క దెబ్బ. ఇన్నేళ్ల కట్టెలూ నిప్పులూ, ఆ ఎగతాళీ అంతా ఒక్క దెబ్బతో పోతాయి. కొట్టమని హార్జో అతని భుజం గిల్లుతున్నాడు.

ఏటి ఒడ్డున మిగతా చోక్టావుల మాటలు వినిపిస్తున్నాయి. వీడు తిరిగి వెళ్లకపోతే వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. మనవాళ్లింకా ఏటి వంపు దాటలేదు. చోఫి కర్ర దించలేదు, కొట్టనూ లేదు. అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

చోక్టావు లేచి, వెనక్కి తిరిగి ఏదో అరిచాడు. ఒడ్డున నవ్వులు. తర్వాత వాళ్ల అలికిడి ఎగువ వైపు పోయింది.

"చేతికొచ్చిన పేరు పారేసుకున్నావు కదరా," అని గొణిగాడు హార్జో.

చోఫి అతన్ని మళ్లీ వీపుకెత్తుకున్నాడు.

ఊళ్లో పేర్లిచ్చే రోజు వచ్చింది. ఒక్కొక్కడూ లేచి తన ఘనత చెప్పుకుంటున్నాడు. కొట్టనివాడు కూడా కొట్టానంటున్నాడు. రెల్లుపొదల్లో జరిగినదానికి సాక్షి హార్జో ఒక్కడే. అది చెప్పాలంటే, పేరులేనివాడి వీపెక్కి వచ్చానని సభలో ఒప్పుకోవాలి. అలాంటి మాట దాచుకునేవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

"చోఫీ, నువ్వేం తెచ్చావు?" అన్నాడు ఎచో ఎమాత్లా.

"తల్వా హార్జోని తెచ్చాను."

సభ గొల్లుమంది. హార్జో మాత్రం నవ్వలేదు. చిలుం నోట్లో పెట్టుకున్నాడు. అలవాటు ప్రకారం చోఫి నిప్పుకోసం లేచాడు. హార్జో చేయి అడ్డం పెట్టాడు. కుంటుకుంటూ తానే పొయ్యి దాకా వెళ్లి, నిప్పుకణిక తెచ్చి, తన చిలుం వెలిగించి చోఫి చేతిలో పెట్టాడు.

"కూర్చో అన్నా. నా చాప మీద కూర్చో."

తర్వాత అందరివైపూ తిరిగి, గాయం నుంచి గిల్లుడు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. తన బరువు సంగతితో సహా చెప్పాడు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. ఎచో ఎమాత్లా లేచి "నోకోస్ హార్జో" అని పేరు పిలిచాడు. నోకోస్ అంటే ఎలుగు, హార్జో అంటే వెర్రి తెగువ ఉన్నవాడు.

మర్నాడు పొద్దున అక్క గుమ్మంలోంచి కేకేసింది. "ఒరే చోఫీ, కట్టెలు." అతను ఇంటి ముందే అటాసాకి నూనె రాస్తూ కూర్చుని కదల్లేదు. ఆమె మళ్లీ పిలిచింది. కదల్లేదు. చివరికి చేతులు నడుం మీద పెట్టుకుని బయటికొచ్చింది.

"ఓ నోకోస్ హార్జో గారూ, కట్టెలు తెస్తేనే సోఫ్కి జావ ఉడుకుతుంది."

అతను వెంటనే లేచి వెళ్లి, ఎప్పుడూ తెచ్చేదానికి రెట్టింపు మోపు తెచ్చాడు.