జానెడు బోర్డు

మా నాయిన మర్రిగూడ వైపు మనిషి. అక్కడి ఫ్లోరైడు బోరునీళ్లు తాగీ తాగీ ఆయన మెడ బిగుసుకుపోయింది. పక్కకు తిరగదు, పైకి లేవదు. నల్లగొండలో మా ఇంటికొచ్చాక ఒకసారి సినిమాకు తీసుకుపోయాను. తెర పైన, ఆయన చూపు కింద. సగంలోనే లేచి వచ్చేశాం. "నీకు ఇంట్లనే టాకీసు పెడత నాయినా" అని ఆటోలో మాటిచ్చాను.

మాట ఆయనకిచ్చాను, మోజు మాత్రం నాకే పట్టింది. పాత పౌరాణికాలన్నీ నింపి టీవీకి తగిలించే చిన్న కంప్యూటర్‌ను సొంతంగా బిగించాలనుకున్నాను. నెలరోజులు దాని లోపలి మదర్‌బోర్డు తప్ప వేరే ధ్యాస లేదు. ఫోన్‌లో వీడియోలు చూడడం, స్కేలు పట్టుకుని గోడ ముందు నిలబడడం. చివరికి జానెడు కూడా లేని చదరపు బోర్డు, అందులోనూ మరీ పలచని రకం నచ్చింది. అదైతే కంప్యూటర్ పెట్టె మొత్తం టీవీ వెనకే ఇమిడిపోతుంది, బయటికి ఏమీ కనబడదు.

దుకాణాయన మంచి మాటే చెప్పాడు. "సార్, జర పెద్ద బోర్డు తీసుకోరాదుండ్రి. వేడి తక్కువైతది. టీవీ, పెట్టె రెండూ బల్ల మీదనే పెట్టుకోవచ్చు."

"బల్లా గిల్లా నాకొద్దు. నేనడిగింది తెప్పిస్తరా, ఇంకో దుకాణం చూసుకోవాల్నా?" అని కసిరాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. పాపం, ఆయన అదే తెప్పించాడు.

టీవీని గోడకు బాగా ఎత్తున బిగించాను. ప్లగ్గు అక్కడే ఉంది. కిందికి దించితే తీగ వేలాడుతుంది. మొదటి సినిమా పెట్టి నాయినను కుర్చీలో కూర్చోబెట్టి, ఎట్లుందని అడిగాను.

"మంచిగుంది బిడ్డా. మాటలు సాఫ్‌గ ఇనొస్తున్నయి."

పొంగిపోయాను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ బోర్డు కొలతలు చెప్పి ప్రాణం తీశాను.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం తొందరగా ఇంటికొచ్చాను. సినిమా నడుస్తోంది. నాయిన తన మోకాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్కన నా భార్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఇప్పుడు ఎవరొచ్చిండ్రు బిడ్డా?"

"రాజొచ్చిండు మామా. కిరీటం పెట్టుకున్నడు. కోపంగున్నడు."

నన్ను చూసి ఆమె మెల్లగా అంది: "మొదటి రోజు సంది గిట్లనే నడుస్తాంది. మీకు కనబడనే లేదు."

బోర్డును మిల్లీమీటర్లలో కొలిచినవాణ్ణి, కూర్చున్న మనిషి కన్ను ఎంత ఎత్తుకు వస్తుందో ఒక్కసారీ కొలవలేదు. ఆ మెడ కోసమే కదా ఇదంతా మొదలుపెట్టింది! సిగ్గుతో చచ్చిపోయాను. "రేపే కిందికి దించుత నాయినా" అన్నాను.

"ఎందుకు బిడ్డా, కొత్త రంగేసిన గోడకు మళ్ల తూట్లు? నువ్వు గంత ముచ్చటపడి పెట్టుకున్నవ్. నాకు మాటలు ఇంటె చాలు."

నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది ఊరట. గోడ పాడవదు, తీగ బయటపడదు. అది నా మొహంలో కనబడే ఉంటుంది. నా భార్య చూసి తల తిప్పుకుంది. నాయిన చూడలేదు. ఆయన నా మొహం చూడాలంటే నేను ఆయన ముందు కింద కూర్చోవాలి. నేనేమో నిలబడే ఉన్నాను.