ఊరికి పోయొచ్చాడని రాశాను

ఆరేళ్ళ కిందట ఒక ఫారం మీద నేను ఒక తప్పుడు తేదీ రాశాను. రాసింది నిదానంగానే, కుర్చీలో కూర్చుని, పక్కన టీ పెట్టుకుని. ఎవరూ బలవంతపెట్టలేదు. అప్పటినుంచి అది నా గుండెల మీదే ఉంది. నా భర్తకు చెప్పలేదు. పదిహేనేళ్ళు కలిసి పనిచేసిన డాక్టరమ్మకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆ మాట దాకా వచ్చి, పిల్లల ఆరోగ్యం అడిగి, పక్కకు తప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. మా తాత సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇక్కడ నూలు దుకాణం పెట్టుకున్నాడు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఆఫీసు కాగితాలన్నీ జీవితమంతా కన్నడంలోనే రాశాను. ఇది మాత్రం తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే ఆ అబద్ధాన్ని నోటితో ఆడింది తెలుగులోనే.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. హొసకోటె వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ని. కేంద్రం పేరు వద్దులెండి. జ్వరమని వచ్చినవాళ్ళ వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో మలేరియా క్రిమి ఉందేమో చూస్తాను. ఉంటే రోగిని ఒక ప్రశ్న అడగాలి. ఈ మూడు వారాల్లో ఎక్కడెక్కడ పడుకున్నావు? ఊరికి పోయి వచ్చానంటే ఆ జ్వరం ఆ ఊరి లెక్కలోకి పోతుంది. ఒక ఫారం ఆ జిల్లాకు పంపి మేము చేతులు దులుపుకోవచ్చు. ఎక్కడికీ పోలేదంటే జ్వరం మాది. అప్పుడు రోగి చుట్టుపక్కల ఉన్న ప్రతి ఒక్కరి రక్తమూ తీయాలి, దోమ పిల్లలు పెరిగే నీళ్ళ తొట్లు వెతికి మందు వేయించాలి, పైవాళ్ళకు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆ సంవత్సరం మా కేంద్రానికి ఇంకొక్క నాలుగు నెలలు గడిస్తే మలేరియా లేకుండా మూడేళ్ళు నిండుతాయి. అన్నాళ్ళుగా మా పరిధిలో పుట్టిన మలేరియా ఒక్కటీ లేదు. నాలుగు నెలలు ఇలాగే గడిస్తే సభ పెట్టి సన్మానం చేస్తామని పై అధికారి మీటింగులో అన్నాడు. అబద్ధాలు రాయమని ఆయన అనలేదు. ఆ మాట ఆయన మీదికి తోసేద్దామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

ఓబులేసు వచ్చింది వానలు మొదలైన కొత్తలో. అపార్ట్‌మెంట్లు కట్టేచోట బేల్దారి పని. సరిహద్దు అవతలి ఊరు, మా తాత ఊరికి పెద్ద దూరం కాదు. పళ్ళు టకటకలాడుతుంటే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. పలక చూశాను. ఉంది. అదీ ప్రాణం మీదికి తెచ్చే రకం. నిజం చెప్పాలంటే నాకు ముందు అతని మీద జాలి కలగలేదు. ఇంకో నాలుగు నెలలు ఆగలేకపోయావా అనిపించింది. అలా అనిపించిందని రాయడానికే నాకు ఇప్పుడు ముఖం చెల్లడం లేదు.

ఊరికి ఎప్పుడు పోయొచ్చినావని అడిగాను. ఉగాదికి పోయొచ్చిందే, మళ్ళీ పోలేదన్నాడు. భార్యతో కలిసి పని దగ్గరే రేకుల షెడ్డులో ఉంటున్నామన్నాడు. భార్యకు ఐదో నెల అని కూడా చెప్పాడు, నేను అడగకుండానే, ఆ చలిలో కూడా కాస్త నవ్వుతూ.

మాత్రలు ఇచ్చాను. మొదటి మోతాదు నా ఎదురుగానే మింగించాను. అతను వెళ్ళాక ఫారం తీశాను. ఆధార్ కార్డులో ఊరి చిరునామానే ఉంది. పని కోసం వచ్చినవాళ్ళందరికీ అంతే, కార్డులో ఒక ఊరు, పడుకునేది ఇంకొక చోట. ఆ చిరునామా రాశాను. అది అబద్ధం కాదు. దాని కింద, ఊరి నుంచి తిరిగి వచ్చిన తేదీ అని ఒక గడి ఉంటుంది. అందులో పది దినాల కిందటి తేదీ వేశాను. అంతే. జ్వరం సరిహద్దు దాటిపోయింది.

ఎందుకు చేశాను? సన్మానం కోసమా? కొంత. ఆ కట్టడం మేనేజరు మమ్మల్ని లోపలికి రానివ్వడు, గేటు దగ్గరే గంటసేపు నిలబెడతాడు, మూడు దినాలు అతనితో గొడవపడుతూ బురదలో షెడ్డు షెడ్డుకూ తిరగాలి, ఉన్నది ఇద్దరమే, నాకు మోకాళ్ళ నొప్పి, పైగా మనిషికి మందు ఇచ్చేశాను కదా, ఇక ఎవరికేం నష్టం అని ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. అన్నీ తీసేస్తే అడుగున ఉన్నది బద్ధకం. మెప్పు మీద ఆశ, ఒళ్ళు వంచడానికి బద్ధకం. ఇంత చిన్న వాటికి ఒక మనిషి ఇంత పని చేస్తుందా? చేసింది. నేనే.

అతని భార్యనైనా పిలిచి రక్తం చూడొచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది. కానీ ఆమెను పిలిస్తే ఇద్దరూ నెలల తరబడి ఇక్కడే ఉన్నారని ఇంకో కాగితం మీదికి ఎక్కుతుంది. అందుకని పిలవలేదు.

అప్పటికైనా దిద్దుకునే అవకాశం ఒకటి వచ్చింది. వారం తిరక్కముందే సరిహద్దు అవతలి నుంచి ఫోను. నా ఫారం అందుకున్న హెల్త్ వర్కరు. ఎప్పుడూ ముఖం చూసింది లేదు. ఆ మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"మేడం, మీరు పంపిన కేసు ఇంటికి పోయొచ్చినా. ఈడ వాళ్ళమ్మ ఒకతే ఉండాది. కొడుకు ఉగాదికి వచ్చిపోయినోడు మళ్ళీ రానే లేదంటాది."

"పది దినాల కింద వచ్చిపోయినానని ఆయప్పే చెప్పినాడప్పా నాకు."

"ఆమె గట్టిగా చెప్తా ఉండాది మేడం. వచ్చుంటే నాకు తెలీకుండా యాడ పడుకుంటాడు అంటాది."

"ఎంత వయసుంటాది ఆమెకి?"

"డెబ్బై దాకా ఉంటాది."

"ఇంకేమప్పా మరి. ఆ వయసులో ఏ దినం ఎవరొచ్చిరో ఏం గుర్తుంటాది. పాపం, మతిమరుపు."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

"అంతేలే మేడం. మీరు మనోళ్ళు, మాట్లాడితే తెలస్తా ఉంది. మీ మాట మీదనే మందు కొట్టిచ్చేస్తాములే."

నా తెలుగు విని నమ్మాడు. ఫారం మీద తేదీ వేసినప్పుడు నాకు ఒక మనిషి కనిపించలేదు, గడి మాత్రమే కనిపించింది. ఫోనులో మాత్రం ఒక తల్లి ఉంది. కొడుకు ఎప్పుడు వచ్చాడో, ఎప్పుడు రాలేదో దినాలు లెక్కపెట్టుకుంటూ బతికే మనిషి. ఆమెను నేను నోరారా మతిలేనిదాన్ని చేశాను. ఫోను పెట్టేసి నా సాయంత్రం బస్సుకు టైమైందని చూసుకున్నాను.

వాళ్ళు నిజంగానే మందు కొట్టించారు. ఆ వీధి అంతా రక్తాలు తీశారు. ముసలామె బియ్యం డబ్బాలు, మంచం, దుప్పట్లు వాకిట్లో పెట్టించి గోడలన్నీ తడిపారు. వీధిలో ఎవరికీ ఏమీ దొరకలేదని నాకు జవాబు కూడా పంపారు. జ్వరం లేనిచోట అందరి వేళ్ళూ గుచ్చారు. జ్వరం ఉన్న రేకుల షెడ్లలో ఒక్క చుక్క కూడా తీయలేదు.

నాలుగు వారాలకు ఓబులేసు మళ్ళీ వచ్చాడు. రక్తం మళ్ళీ చూపించుకోవాలని నేనే చెప్పి పంపాను. అతని పలక శుభ్రంగా ఉంది. మంచి కబురు చెప్దామని తలెత్తితే మనిషి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రమణమ్మకు, అంటే అతని భార్యకు, అతని తర్వాత పది పన్నెండు దినాలకు జ్వరం పట్టుకుందట. కడుపుతో ఉన్నప్పుడు నీరసం మామూలేననుకున్నారట. అంగట్లో మాత్రలు తెచ్చి వేశారట. లేవలేని స్థితికి వచ్చాక సిటీలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ మలేరియా అని తేల్చారు. ఆమె బతికింది. కడుపులో బిడ్డ పోయింది.

"నా జరమే ఆమెకి అంటుకున్నిండాది మేడం," అన్నాడు. "నేను దూరంగా పడుకోవాల్సింది."

అప్పుడైనా చెప్పొచ్చు. నీ తప్పు కాదు నాయనా, మర్నాడే మేము వచ్చి ఆమె రక్తం తీయాల్సింది, నేనే రాకుండా చేశానని. ఆ మాటలు వరసగా నోట్లోకి వచ్చాయి కూడా. నేను అన్నది మాత్రం, "ఒక్కోసారి అట్లయితాదప్పా, ధైర్యంగా ఉండు." మొదటిసారి జ్వరం నువ్వే కనిపెట్టి నా ప్రాణం కాపాడినావని అతను నాకు దండం పెట్టాడు. నేను ఆ దండం తీసుకున్నాను.

మేము ముందే వెళ్ళి ఉంటే బిడ్డ దక్కేదా? ఈ ప్రశ్నను ఆరేళ్ళుగా ఎన్ని వైపుల నుంచి తిప్పి చూశానో. ఆమెకు అప్పటికే సోకి ఉండొచ్చు కదా, ఇక మేము చేసేదేముందని ఒక్కోసారి సర్దిచెప్పుకుంటాను. వెంటనే నాకు తెలిసిన పనే నన్ను పట్టుకుంటుంది. అప్పటికే సోకి ఉంటే రక్తంలో కనిపించేది, అప్పుడు కనిపించకపోయినా జ్వరం తగిలిన మొదటి దినమే మావాళ్ళు ఆ షెడ్డు తలుపు తట్టేవాళ్ళు. రక్తం తీస్తూనే ఉంటాం మేము, వారాల తరబడి. అందుకే కదా ఆ ఫారం ఉన్నది.

రమణమ్మ జ్వరం కూడా మా లెక్కలోకి రాలేదు. ఆమె కార్డులోనూ అదే ఊరు. భర్త ఊరి నుంచి తెచ్చిన జ్వరమని కాగితాల్లో ముందే ఉంది కాబట్టి ఆమెను తేదీ కూడా ఎవరూ అడగలేదు. నా అబద్ధానికి ఇంకొకటి పుట్టింది, నేను కష్టపడకుండానే.

తర్వాత నేనొక్కదాన్నే ఆ కట్టడం దగ్గరికి వెళ్ళాను. ఏదో డెంగీ తనిఖీ అని చెప్పి. ఈసారి మేనేజరు ఒక్క మాటకే గేటు తీశాడు. సిమెంటు తడపడానికి కట్టిన తొట్లలో దోమ పిల్లలు గిజగిజలాడుతున్నాయి. దగ్గరుండి అన్నీ పారబోయించాను. వాళ్ళిద్దరూ అప్పటికే షెడ్డు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు నిజంగానే వెళ్ళారు.

సభ జరిగింది. నాకూ ఒక శాలువా కప్పారు. మా అత్తగారు చలికాలం దాన్ని కప్పుకుంటుంది. ఆ తర్వాత కరోనా వచ్చింది, ఈ సంగతులన్నీ దాని కింద పడిపోయాయి. నాకు తప్ప.

ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాను. వీడ్కోలు సభలో చదవడానికి నా సర్వీసులో చేసిన మంచి పనులు నాలుగు రాసివ్వమన్నారు. కాగితం తీసుకుని కూర్చుంటే వచ్చింది ఇది.

వాళ్ళను వెతికావా అని అడగకండి. వెతకాల్సిన పని కూడా లేదు. ఓబులేసు ఫోను నంబరు ఆ ఫారం మీదే ఉంది, ఆ ఫారం నకలు నా బీరువాలో ఉంది. చేయలేదు. చేస్తే ఏమంటాడోనని భయం. ఏమీ అనకుండా మళ్ళీ మేడం అంటాడేమోనని ఇంకా భయం. దీని కింద పేరు కూడా రాయడం లేదు. పిరికిది అనుకోండి, అవును. క్షమించమని అడిగేందుకు మీరు వాళ్ళు కారు, వాళ్ళను అడిగేంత ధైర్యం నాకు లేదు. అయినా రాస్తుంటే ఆరేళ్ళలో మొదటిసారి ఊపిరి కాస్త కిందిదాకా పోతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

అయినా ఒక్కసారి సరిగ్గా రాస్తాను. ఓబులేసు ఉగాది తర్వాత ఊరికి పోలేదు. ఆ జ్వరం మా దగ్గర పుట్టిందే. రమణమ్మ రక్తం చూడకుండా ఆపింది నేను. ఓబులేసు వాళ్ళమ్మకు మతిమరుపు లేదు, ఆమెకు అన్నీ గుర్తున్నాయి.